ఔషధ విద్యకు తొలి మెట్టు

"అమ్మాయి ఫార్మసీ చదవాలంటున్నది. కాని మొదటి సంవత్సరమంతా రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, గణితమేనట! మందుల ఊసే లేదు" అని మన మిత్రులు ఆశ్చర్యపోవడం కద్దు. ఆంధ్రదేశంలో ఇంటర్మీడియట్ ముగించి నేరుగా బి.ఫార్మసీలో చేరిన తరానికి ఈ పద్ధతి వింతగా తోచడం సహజం.

కెనడాలో ఔషధ విద్య ఇటీవలి కాలంలో ఎంతో మారింది. 2007లో మాంట్రియాల్ విశ్వవిద్యాలయం, 2011లో టొరాంటో విశ్వవిద్యాలయం బ్యాచిలర్ పట్టాకు బదులుగా నాలుగేళ్ల ఫార్మ్.డి. పాఠ్యక్రమాన్ని ప్రవేశపెట్టాయి. తక్కినవి క్రమంగా అదే బాట పట్టాయి. దీనికి ముందు మెట్టు క్యూబెక్‌లో సెజెప్ చదువు. ఇతర రాష్ట్రాలలో సాధారణంగా ఒకటి రెండేళ్ల విజ్ఞానశాస్త్ర అధ్యయనం అవసరం. ఈ పునాది దశ ప్రయోజనమేమిటో రెండు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

మొదటిది గణితం. జ్వరానికి వాడే అసిటమినోఫెన్ ఇక్కడ పసిపిల్లలకు చుక్కల రూపంలోనూ, కొంచెం పెద్ద పిల్లలకు ద్రవరూపంలోనూ లభిస్తుంది. చుక్కల మందులో ప్రతి మిల్లీలీటరుకు 80 మిల్లీగ్రాములు, ద్రవంలో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు ఉండడం పరిపాటి. 12 కిలోల బిడ్డకు 160 మిల్లీగ్రాములు ఇవ్వవలసి ఉన్నదనుకొందాం. ద్రవమైతే 5 మిల్లీలీటర్లు, చుక్కలైతే 2 మిల్లీలీటర్లు చాలును. పొరపాటున చుక్కల మందునే 5 మిల్లీలీటర్లు పోస్తే 400 మిల్లీగ్రాములు, అనగా రెండున్నర రెట్లు, లోపలికి పోతుంది. అది మళ్లీ మళ్లీ జరిగితే కాలేయానికే ముప్పు. గాఢత, ఘనపరిమాణం, ప్రమాణాల మార్పిడి అనే చప్పని లెక్కల వెనుక ఒక పసిప్రాణం ఉన్నది.

రెండవది రసాయనశాస్త్రం. ఆస్పిరిన్ శరీరంలో శాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ ఆమ్లపు పి.కె.ఎ. సుమారు 3. అంటే పి.హెచ్. 3 వద్ద సగం అణువులకు విద్యుదావేశం ఉంటుంది, సగానికి ఉండదు. పి.హెచ్. ఒక్కొక్క అంకె పెరిగేకొద్దీ ఆవేశం గలవాటి నిష్పత్తి పదింతలవుతుంది. మూత్రం పి.హెచ్. 5 అయితే ఆవేశం లేని ఒక్కొక్క అణువుకు ఆవేశం గలవి 100 ఉంటాయి. పి.హెచ్. 8 అయితే 1,00,000! కొవ్వుతో కూడిన కణపొరను సులభంగా దాటి తిరిగి రక్తంలో చేరగలిగేవి ఆవేశం లేని అణువులే. అందువల్లనే ఆస్పిరిన్ మోతాదు మించి విషమించినవారికి వైద్యులు సోడియం బైకార్బొనేట్‌ను సిరలోనికి ఎక్కించి మూత్రాన్ని క్షారంగా మారుస్తారు. మందు వెనుకకు మరలక బయటికి పోతుంది. మొదటి సంవత్సరపు సూత్రమొకటి ఆస్పత్రిలో ప్రాణం నిలుపుతున్నదన్నమాట.

ఈ విషయాలను కంఠస్థం చేసినవాడు పరీక్ష గట్టెక్కవచ్చు. కాని ప్రశ్న రూపం మారగానే తడబడతాడు. మన చదువులో కంఠస్థానికి పెద్దపీట వేయడం అలవాటు. ఇక్కడి అధ్యాపకులు మాత్రం "ఎందుకు?" అని అడుగుతారు. ప్రయోగశాలలో వచ్చిన ఫలితం పుస్తకంతో సరిపోకపోతే, దాన్ని దిద్దడం కాక, కారణం వ్రాయమంటారు. విదేశీ పట్టాతో వచ్చినవారికి కూడ కెనడా ఫార్మసీ పరీక్షామండలి పరీక్షలలో వ్రాతతోపాటు రోగి పాత్రధారులతో మాట్లాడించే భాగం ఉన్నది. తెలిసినదాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పగలగడం ఇక్కడ చదువులో భాగమే.

కనుక తల్లిదండ్రులకు ఒక మనవి. సాయంత్రం బిడ్డను "ఎన్ని మార్కులు?" అని అడిగే ముందు "ఈవేళ నేర్చుకొన్నది నాకు కూడ చెప్పమ్మా" అని అడిగి చూడండి. మనకు అర్థమయ్యేలా చెప్పగలిగిన బిడ్డ రేపు మందుల దుకాణంలో ఏ అవ్వకైనా ధైర్యంగా చెప్పగలదు. చెప్పలేకపోతే పునాదిలో ఎక్కడ బీట ఉన్నదో అప్పుడే తెలుస్తుంది. దిద్దుకొనడానికి అదే తగిన సమయం.