షూనేమీయురాలి పొలము

చదువవలసిన భాగము: 2 రాజులు 8:1–6



కరవు నిమిత్తము ఏడేండ్లు ఫిలిష్తీయుల దేశమున తలదాచుకొని షూనేమీయురాలు తిరిగి వచ్చునప్పటికి ఆమె ఇల్లును పొలమును చేజారియుండెను. ఆమె రాజునొద్దకు పోయి మొరపెట్టుకొనెను. “దేవుడే చూచుకొనును, కచేరీల చుట్టు తిరుగనేల?” అని మనలో కొందరందురు. అయితే వాక్యము ఈ స్త్రీని గద్దింపలేదు. ఈ భాగమునుండి మూడు సంగతులు నేర్చుకొందము.

1. అడుగుట తప్పు కాదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలలోని పెద్దలు రజాకార్ల దినములను మరువలేదు. ఇండ్లు తగులబడెను, ధాన్యము దోచబడెను. అనేకులు చెరసాలల పాలైరి. మరికొందరు సరిహద్దు దాటి పోయిరి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశింపగా, 17న నిజాము లొంగిపోయెను. ఆ వెంబడి అనేక మహమ్మదీయ కుటుంబములును హతమైనవని సుందర్‌లాల్ సంఘము తెలిపినది. ఆ నివేదిక చాలకాలము వెలుగు చూడలేదు. కన్నీటికి మతము లేదు.

కాలము మించినను న్యాయము చేయవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధమున తాను నిర్బంధించిన జపాను సంతతివారికి అమెరికా 1988లో చట్టముచేసి క్షమాపణ చెప్పి, బ్రతికియున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చెను.

2. రాజు ఒక అధికారిని నియమించెను

రాజు జాలిపడి ఊరకుండలేదు. ఆమె విడిచిపోయిన దినము మొదలుకొని పొలము పంటయంతయు ఇప్పింపుమని అధికారికి ఆజ్ఞాపించెను. దయకు ఒక పద్ధతి కావలెను.

మన దేశమున 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ఏర్పడెను. 1980లో అది విస్తరింపబడెను. హైదరాబాదు విమోచనోద్యమమును తరువాత అందు చేరినది. ఆరు నెలల చెరసాల అందులో ముఖ్యమైన అర్హత; స్త్రీలకును షెడ్యూల్డు కులములు, తెగలవారికిని మూడు నెలలు చాలును. యోధుడు చనిపోయినయెడల భార్యకును, అవివాహితలైన కుమార్తెలకును నియమముల ప్రకారము చెందును. అయితే ఇది దోపిడికి గురియైన ప్రతి ఇంటికి నష్టపరిహారము కాదు. ఈ భేదము మొదటనే చెప్పవలెను. వృద్ధులకు వట్టి ఆశ పెట్టరాదు.

3. గేహజీ సాక్ష్యము పలికెను

ఆమె మొరపెట్టు వేళ గేహజీ అచ్చటనుండి, “ఈమెయే ఆ స్త్రీ” అని చెప్పెను. పూర్వము నయమానునొద్ద అబద్ధమాడి వెండి పుచ్చుకొనిన గేహజీయే ఇప్పుడు సత్యము పలికి విధవరాలివంటి నిరాధారకు తోడ్పడెను.

ఇదే మన వంతు. ఆలస్యమైనదను ఒక్క కారణముచేత పింఛను నిరాకరింపరాదని 1993లోను, సందేహమునకు తావులేని రుజువు కోరరాదని 2001లోను సుప్రీము కోర్టు తీర్పులు చెప్పెను. అయితే దొంగ ధ్రువపత్రములతో పింఛను పొందినవారి సంగతియు కోర్టులకు వచ్చినది. ఎరుగని సంగతికి సంతకము చేయుట అబద్ధ సాక్ష్యమే. అది నిజమైన వృద్ధురాలి మాటను కూడ అనుమానము పాలు చేయును.

మనము చేయదగిన పనులు: నాడు పదునైదేండ్ల బాలుడు నేడు తొంబది దాటినవాడు, గనుక జాగు చేయక, వృద్ధుల మాట వారు చెప్పినట్లే తేదీతో వ్రాయవలెను. చెరసాల కాగితములు, పాత ఉత్తరములు, మరణ ధ్రువపత్రము భద్రపరచవలెను. నేడు ఏ నియమము అమలులోనున్నదో కలెక్టరు కచేరిలో విచారింపవలెను. స్త్రీలకును షెడ్యూల్డు కులములు, తెగలవారికిని న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఇచ్చును. చదువు వచ్చిన యువజనులు వెంట నడువవలెను. ప్రయాణపు ఖర్చు సంఘము భరింపవలెను.

ఆలోచించుటకు: మన ఊరిలో ఎవరి కథ వ్రాయబడక మిగిలియున్నది? ఈ నెలలో ఎవరి గడప తొక్కుదము?

ప్రార్థన: ప్రభువా, మొరపెట్టువారికి ధైర్యమును, మాకు సత్యమైన నోటిని దయచేయుము. ఆమేన్.