ఎమర్జెంట్ సాఫ్ట్‌వేరు - వ్యాకరణసూత్రపరీక్ష

వ్యాకర్త సూత్రము వ్రాయును. వ్యవహర్త ఆ సూత్రము నెరుగకయే సరిగా మాటాడును. ఈ రెండింటికిని గల సంబంధమేమి? సూత్రము మాటాడువాని మనస్సునందు నిజముగా నున్నదా, లేక అభ్యాసమువలన నేర్పడిన వాడుకకు వ్యాకర్త కూర్చిన సంగ్రహమా? ప్రశ్న ప్రాచీనమే. కాని దీనిని యంత్రముపై పరీక్షించు మార్గమొకటి 1986 తరువాత స్పష్టపడినది. మెదడునందలి నాడీకణముల యల్లికను నమూనాగా గైకొని కంప్యూటరునందు నిర్మించు అభ్యసనజాలములే ఆ మార్గము. అట్టి జాలములను తెరపై చూచుచు నిర్మించుటకు, నడపుటకు ఏర్పడిన సాధనములలో ఎమర్జెంట్ అను సాఫ్ట్‌వేరు ఒకటి. దాని స్వరూపమును, భాషాపరిశోధకునకు దానివలన గలుగు ప్రయోజనమును, ఆ ప్రయోజనమునకు గల హద్దులను నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

1. పూర్వచరిత్ర

నాడీకణపు పనిని తర్కగణితరూపమున వర్ణించిన తొలి ప్రయత్నములలో ప్రసిద్ధమైనది 1943లో మెకల్లక్, పిట్స్ అనువారు ప్రకటించిన వ్యాసము. 1958లో రోజెన్‌బ్లాట్ పర్సెప్ట్రాన్ అను నేర్చుకొను జాలమును ప్రతిపాదించెను. ఒకే పొర గల అట్టి జాలముల పరిమితులను 1969లో మిన్‌స్కీ, పేపర్ట్ నిరూపించిరి. పిమ్మట కొంతకాలము ఈ శాఖయందు ఉత్సాహము తగ్గినది. 1986లో రూమెల్‌హార్ట్, మెక్లెలండ్ ప్రభృతులు పారలల్ డిస్ట్రిబ్యూటెడ్ ప్రాసెసింగ్ అను రెండు సంపుటములను వెలువరించుటతో అది మరల తలయెత్తెను. 1988లో వారిరువురు ఒక అభ్యాసగ్రంథమును ప్రకటించి, అందలి ప్రయోగములను చదువరి స్వయముగా నడుపుకొనుటకు ప్రోగ్రాములను గూడ జతచేసిరి. ఆ సంప్రదాయమునుండియే 1990-2000 నడుమ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున పి.డి.పి. ప్లస్ ప్లస్ అను సాఫ్ట్‌వేరు పుట్టినది.

దాని కర్తలలో నొకడైన ర్యాండల్ ఓరైలీ పిమ్మట కొలరాడో విశ్వవిద్యాలయమున దానిని పెంపొందించి ఎమర్జెంట్ అను రూపమునకు తెచ్చెను. 2008లో దీని వర్ణనము న్యూరల్ నెట్‌వర్క్స్ అను పత్రికయందు ప్రకటితమైనది. 2019లో ఇది గో అను ప్రోగ్రామింగు భాషలో మరల వ్రాయబడినది. దీని మూలపాఠము ఎల్లరకు తెరచియుంచబడినది. ఎవరైనను దానిని ఉచితముగా గైకొని, చదివి, మార్చి, తిరిగి పంచవచ్చును. ఓపెన్ సోర్స్ అను మాటకు అర్థమిదియే.

2. సాధనస్వరూపము

జాలమునందు పొరలుండును. ఒక్కొక్క పొరలో నాడీకణములకు ప్రతినిధులైన ఘటకములుండును. ఒక ఘటకమునుండి మరియొక ఘటకమునకు సంధానముండును; ప్రతి సంధానమునకును ఒక బలము కలదు. నేర్చుకొనుట యనగా ఈ బలములు క్రమక్రమముగా మారుటయే. సూత్రము ఎచ్చటను లిఖింపబడదు.

ఎమర్జెంటునందలి ప్రధానమైన అభ్యసనపద్ధతులలో ఒకదానికి లీబ్రా అని పేరు. ఇందు రెండు రీతులు కలిసియున్నవి. రావలసిన ఫలమునకును వచ్చిన ఫలమునకును గల భేదమునుబట్టి బలములు దిద్దబడుట ఒకటి. ఒకేసారి ఉద్దీపించు ఘటకముల నడుమ సంధానము దృఢపడుట మరియొకటి. మఱియు ఒక పొరలో కొన్ని ఘటకములు మాత్రమే ఉద్దీపించి తక్కినవి అణగియుండునట్లు నిరోధము ఏర్పరుపబడినది. మెదడున గల నిరోధకకణముల పనికి ఇది అనుకరణము.

పరిశోధకునకు ముఖ్యమైనది దీని దృశ్యరూపము. పొరలు తెరపై అంతస్తులవలె కనిపించును. ఘటకముల యెత్తును, రంగును వాని ఉద్దీపనమును తెలుపును. ఒక ఘటకమును ఎన్నుకొన్నచో దానికి ఏయే ఘటకములనుండి ఎంత బలముతో సంధానము వచ్చుచున్నదో చూడనగును. ఒక్కొక్క ఉదాహరణము చొప్పున జాలమును నిలిపి నడుపవచ్చును; దోషములు తగ్గుచున్న క్రమమును రేఖాచిత్రముగా చూడవచ్చును. కావున జాలము తప్పు చేసినపుడు ఆ తప్పు ఎచ్చట పుట్టినదో వెదకుటకు వీలున్నది.

3. భూతకాలవివాదము

1986నాటి సంపుటములలో ఆంగ్లక్రియల భూతకాలరూపములను నేర్చు జాలమొకటి వర్ణింపబడినది. దానికి మొదట మిక్కిలి వాడుకలోనున్న 10 క్రియలు నేర్పబడినవి; అందు 8 నియమమునకు లొంగనివి. పిమ్మట 410 క్రియలు చేర్పబడినవి. అప్పుడు జాలము, పిల్లలవలెనే, పూర్వము సరిగా చెప్పిన కేమ్ అను రూపమునకు బదులు కమ్డ్ వంటి రూపములను కల్పించి, క్రమముగా మరల సరిదిద్దుకొన్నది. ఎన్నడును వినని 86 క్రియలతో గూడ అది పరీక్షింపబడినది. సూత్రము లేకయే సూత్రానుసారియైన ప్రవర్తనము సంభవమని కర్తలు వాదించిరి.

1988లో పింకర్, ప్రిన్స్ ఈ వాదమును తీవ్రముగా ఖండించిరి. జాలము తప్పులు చేయుటకు కారణము దాని స్వభావము కాదనియు, 10 క్రియలనుండి ఒక్కసారిగా 420 క్రియలకు దుమికిన పాఠక్రమమే యనియు వారు చూపిరి. మఱియు పదములను జాలమునకు అందించిన లేఖనపద్ధతియే దోషయుక్తమనిరి. ఆ పద్ధతిలో ప్రతి ధ్వనియు ఇరుగుపొరుగు ధ్వనులతో గూడి త్రికముగా గుర్తింపబడును. త్రికముల వరుస గుర్తింపబడదు. ఆస్ట్రేలియాయందలి ఓయ్కంగండ్ భాషలో అల్గల్, అల్గల్‌గల్ అను రెండు వేర్వేరు పదములున్నవి. రెండింటికిని త్రికములు అవియే. కాబట్టి ఆ జాలమునకు అవి ఒకే పదము.

ఈ ఖండనము గమనింపదగినది. అది జాలము ఇచ్చిన ఫలములతో తృప్తిపడక దాని లోపలి కట్టడమునే పట్టినది. పాఠక్రమము, లేఖనపద్ధతి ప్రకటింపబడియుండుటచేతనే అట్టి ఖండనము సాధ్యమైనది. 2000లో ఓరైలీ, మునకాటా ప్రకటించిన పాఠ్యగ్రంథమున ఈ భూతకాలసమస్య చదువరి తానే నడిపి చూచు ప్రయోగముగా చేర్పబడినది.

4. తెలుగు బహువచనము

ఈ వివాదమంతయు ప్రధానముగా ఆంగ్లముపై నడచినది. భారతీయభాషలలో దీనికి సాటివచ్చు సమస్యలకు కొదువ లేదు. తెలుగు బహువచనము ఒక నిదర్శనము. బొమ్మ - బొమ్మలు, నది - నదులు అనునవి సులభములు. చెట్టు - చెట్లు, ఊరు - ఊళ్లు, ఇల్లు - ఇళ్లు, కన్ను - కళ్లు, చేయి - చేతులు అనుచోట్ల పదాంతము మారును. కాని పెన్ను - పెన్నులు, బిల్లు - బిల్లులు, కారు - కార్లు. వాడుకలోనికి వచ్చిన ఈ పరభాషాపదములు కన్ను, ఇల్లు, ఊరు అనువాని దారిని త్రొక్కలేదు.

దేశ్యపదములను మాత్రము నేర్చిన జాలమునకు పెన్ను అను పదము నిచ్చినచో ఏమి చెప్పును? ధ్వనిసామ్యము బలీయమైనచో పెళ్లు అనవచ్చును. లు చేర్చు సామాన్యరీతి బలీయమైనచో పెన్నులు అనవచ్చును. పరభాషాపదమను గుర్తును ప్రత్యేకముగా అందించినపుడే జాలము సరిగా చెప్పినచో, ఆ జాలమునకు ధ్వనిమాత్రము చాలలేదనియు, దేశ్యాన్యదేశ్యవిభాగమునకు ఇందు పని కలదనియు కొంత బలముతో చెప్పవచ్చును. కన్నులు, కండ్లు, కళ్లు అను రూపాంతరములు మరియొక పరీక్ష. బాలవ్యాకరణమున చిన్నయసూరి బహుళమను మాటతో సూచించు అనిశ్చితి, జాలమునందు ఒక్కొక్క రూపమునకు గల ఉద్దీపనపు హెచ్చుతగ్గులుగా కనిపింపవచ్చును.

ఇచ్చటను లేఖనపద్ధతియే కీలకము. బహువచనమున మార్పు పదాంతమున జరుగును. ధ్వనులను పదాదినుండి వరుసగా గళ్లలో నింపినచో చేయి, గొడుగు అను పదముల తుదలు వేర్వేరు గళ్లలో పడి, ఒకదానినుండి నేర్చినది రెండవదానికి అక్కరకు రాదు. తుదినుండి నింపినచో ఆ లోపము తొలగును. లిపిలోని అక్షరము ప్రమాణమా, ఉచ్చారణలోని ధ్వని ప్రమాణమా అనునదియు ముందుగా నిర్ణయింపవలసియుండును. ఈ నిర్ణయములు యంత్రనిపుణుడు చేయదగినవి కావు, భాషావేత్త చేయవలసినవి.

5. హద్దులు

జాలము మెదడు కాదు. ఘటకము నాడీకణమునకు సూచనయే కాని ప్రతిబింబము కాదు. జాలము సరియైన రూపము చెప్పినంతమాత్రమున మానవుడును అట్లే నేర్చుననుట సిద్ధింపదు. అట్లు నేర్చుట అసంభవము కాదని మాత్రమే సిద్ధించును. తెరపై రంగుల యందము గూడ మోసము చేయగలదు; కంటికి కనిపించినదెల్ల కారణము కాదు.

అయినను ఒక విషయము స్థిరము. సూత్రకారుడు తన సూత్రమును పదుగురి యెదుట పెట్టును. అవ్యాప్తిని, అతివ్యాప్తిని ఇతరులు చూపుదురు. ఆ చర్చవలననే వ్యాకరణము శాస్త్రమైనది. యంత్రజాలము గూడ శాస్త్రమున నిలువవలెనన్నచో దాని పాఠక్రమము, లేఖనపద్ధతి, సంధానబలములు అదేవిధముగా పరీక్షకు లోబడవలెను. మూలము తెరచిన సాఫ్ట్‌వేరు అందుకు దారి తీసినది. ఆ దారిని భారతీయభాషావేత్తలు త్రొక్కనిచో, సూత్రము మనస్సున నున్నదా లేదా అను ప్రశ్నకు సమాధానము వారి భాషల సాక్ష్యము లేకయే నిర్ణయింపబడును.