పనిలో పుట్టిన పలుకుబడులు

మాటకు నిఘంటువు చెప్పు అర్థ మొకటి. లోకవ్యవహారము చెప్పు అర్థము మరియొకటి. కొన్ని మాటలు జంటగా చేరి, తమ మొదటి అర్థమును విడిచి, క్రొత్త అర్థము నిచ్చును. వీనిని జాతీయములు లేక పలుకుబడులు అందురు. వీనిలో పెక్కు పండితులు కల్పించినవి కావు. జనుల పనిపాటలలో పుట్టినవి. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పట్టణముల ప్రజలు చేయు పనులను చూచినచో ఈ సంగతి తెలియును. 2016 వరకు ఈ మూడును కరీంనగరు జిల్లాలోనివే.

మానేటి ఒడ్డున నున్న సిరిసిల్ల నేతకు ప్రసిద్ధి కెక్కినది. మగ్గముపై నిలువుగా సాగిన పోగులు పడుగు. అడ్డముగా సాగునవి పేక. రెండును కలిసినగాని వస్త్రము కాదు. విడదీసినచో బట్టయే మిగులదు. కావుననే మిక్కిలి కలిసిమెలిసి యుండువారిని ‘పడుగుపేకలవలె నున్నారు’ అందురు. నెలవంకను చూచి, కట్టుబట్టనుండి ఒక పోగు తీసి సమర్పించుట పూర్వాచారము. అందుచే భక్తితో నిచ్చు స్వల్పమైన కానుక ‘చంద్రునికొక నూలుపోగు’ అయినది.

విశ్రాంతి లేక ఇటునటు తిరుగువానిని ‘ఆసులో కండె’ అందురు. మేకుల చుట్టు నూలును ఇటునటు పోయుటయే ఆసు. ఈ మాట వినుటకు వేడుకగా నుండును. పని మాత్రము వేడుక కాదు. పోచంపల్లి పద్ధతిలో ఒక చీరకు చేయి సుమారు 9,000 మార్లు ఆడవలెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజముల నొప్పి చూడలేక, ఆ పని చేయు యంత్రమును నిర్మించి, దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

జగిత్యాల వరికి పేరు పడినది. ధాన్యమును దంచినచో బియ్యము వచ్చును. ఊకను ఎంత దంచినను చేతులు నొచ్చుటయే ఫలము. సారము లేని ప్రసంగము అందుకే ‘ఊకదంపుడు’.

కోరుట్ల ప్రాంతమున పసుపు విరివిగా పండును. అయితే ‘పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన భూమి’ యనగా పసుపు చేను కాదు. పుట్టినింటివారు ఆడబిడ్డకు ఇచ్చిన భూమి. పలుకుబడి నెరుగనివాడు చేనిని చూచును. ఎరిగినవాడు ఆమె హక్కును చూచును.

నేడు సిరిసిల్లలో మరమగ్గములే అధికము. పని మారినపుడు పనిముట్ల పేర్లు మరుగుపడును. అపుడు పలుకుబడి నోట మిగులును గాని, దాని అర్థము మనస్సునకు తట్టదు. కావున విద్యార్థులు ఇంటి పెద్దలను, నేతగాండ్రను, రైతులను అడిగి, ప్రతి పలుకుబడి వెనుక నున్న పనిని తెలిసికొనవలెను. మాట నెరుగుట యనగా ఆ మాటకై చెమటోడ్చినవారిని ఎరుగుటయే.