కంఠగ్రంథులు – శస్త్రచికిత్స

క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప దేవాలయమును చూచినవారు అచటి మదనికల కంఠహారములను మరువలేరు. కఠినమైన నల్లరాతిపై అంతటి సన్నని పని చేసిన శిల్పికి ఏది చెక్కివేయవలెనో, ఏది మిగుల్చవలెనో రెండును తెలియును. మనిషి కంఠమున కత్తి పెట్టు వైద్యునకును ఈ వివేకమే ముఖ్యము.

మెడ ముందుభాగమున, శ్వాసనాళమును ఆనుకొని, సీతాకోకచిలుక ఆకారమున థైరాయిడ్ గ్రంథి కలదు. అది అయోడిన్‌ను గ్రహించి, దేహక్రియలను నడుపు హార్మోనులను తయారుచేయును. దాని వెనుక కందిపప్పు బద్దలంతటి పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణముగా నాలుగుండును. అవి రక్తములోని కాల్షియమును అదుపులో నుంచును. స్వీడను దేశీయుడైన ఐవార్ సాండ్‌స్ట్రోమ్ వైద్యవిద్యార్థిగా నున్నపుడే వీటిని గుర్తించి, 1880లో ప్రకటించెను.

థైరాయిడ్ వాపును వైద్యులు గలగండమనియు, ఉర్దూలో ఘేంఘా అనియు అందురు. స్విట్జర్లాండుకు చెందిన థియోడర్ కోఖెర్ దీని శస్త్రచికిత్సలో మరణములను నూటికి ఒకటి కంటె తక్కువకు తగ్గించెను. కాని గ్రంథిని పూర్తిగా తొలగించిన రోగులను తిరిగి పరీక్షింపగా, పలువురు మందబుద్ధులై, ముఖము ఉబ్బి కనిపించిరి. 1883లో ఆయన ఈ దుష్ఫలితమును దాచక లోకమునకు వెల్లడించెను. 1909లో నోబెల్ బహుమతి నందెను.

నేడు గ్రంథి మొత్తము తీసివేసినను, దినమునకొక థైరాక్సిన్ మాత్రతో రోగి సుఖముగా జీవింపగలడు. ఆ మాత్రను జీవితాంతము మానరాదు. పారాథైరాయిడ్‌లు దెబ్బతినినచో కాల్షియము తగ్గి, వ్రేళ్లు, పెదవులు తిమ్మిరెక్కును. అట్టి లక్షణమును వెంటనే వైద్యునకు తెలుపవలెను. ఒక పారాథైరాయిడ్‌కు కణితి వచ్చి మితిమీరి పనిచేసినచో, ఎముకలు బలహీనపడి మూత్రపిండములలో రాళ్లు ఏర్పడును. ఆ ఒక్కదానిని తీసివేసి, తక్కినవానిని నిలిపినచో సాధారణముగా రోగము నయమగును.

మాట పడిపోవునను భయముతో చికిత్సను వాయిదా వేయువారు మనలో కలరు. స్వరపేటికకు పోవు నాడులు థైరాయిడ్‌ను ఆనుకొనియుండుట నిజమే. నిపుణుడు వాటిని గుర్తించి కాపాడును. ప్రతి వాపునకు కత్తి అవసరము లేదు. క్యాన్సరు ఉన్నపుడు, వాపు శ్వాసనాళమును నొక్కుచున్నపుడు ఆలస్యము తగదు.

అయోడిన్ లోపమువలన కలుగు గలగండమును రాకుండ చేయుట మరింత మేలు. శ్రీకాకుళమున జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో కాంగ్రా లోయలో పరిశోధన నారంభించి, అయోడిన్ ఉప్పుతో ఈ వ్యాధి తగ్గునని నిరూపించిరి. 1962లో జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమము మొదలయ్యెను. చిటికెడు ఉప్పు ఎన్నో కంఠములను కత్తి నుండి కాపాడినది.