అవ్వ పక్కన కూర్చుని నేర్చుకున్నవి

మడకశిర తాలూకాలో ఒక పల్లె సబ్‌సెంటర్‌కు 1979లో ఏఎన్ఎంగా వెళ్ళాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఆ ఊరి మంత్రసానికి అప్పటికే అరవై దాటాయి. ఊరంతా అవ్వ అనే పిలిచేవాళ్ళు, నేనూ అంతే. ఇప్పుడు నర్సింగ్ చదువుతున్న నా మనవరాలు మొన్న అడిగింది, "చదువు రాని మనిషి దగ్గర నువ్వేం నేర్చుకున్నావు జేజీ?" అని. గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను, తల్లీ.

1. ఊరికే కూర్చోవడం కూడా పనే.

ఆ ఊళ్ళో నేను చూసిన మొదటి కాన్పు ఒక తొలిచూలు పిల్లది. సందెవేళ నొప్పులు మొదలయ్యాయి. నేను పది నిమిషాలకోసారి వాచీ చూస్తున్నాను, లేచి తిరుగుతున్నాను, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేస్తానంటున్నాను. అవ్వ ఆ పిల్ల వెనకాల కూర్చుని నడుముకు తన మోకాలు ఆనించింది. అరచేతికి ఆముదం రాసుకుని వెన్ను నిమురుతూ ఆ ఏటి శెనక్కాయ పంట గురించి మాట్లాడుతోంది. నొప్పి వచ్చినప్పుడు మాట ఆపేది, తగ్గగానే ఆపిన చోటునుంచే అందుకునేది. కాసేపటికి నావైపు తిరిగి, "ఆ వాచీ సంచిలో పెట్టు నర్సమ్మా, నిన్ను చూసి పిల్ల బెదురుకుంటాంది" అంది. తెల్లవారుజామున బిడ్డ పుట్టింది. ఆ రాత్రంతా అవ్వ లేచింది రెండే సార్లు.

ఇట్లా పురిటిగదిలో తల్లి పక్కన ఆమెకు కావలసిన ఆడమనిషి ఒకరు ఉండవచ్చని కేంద్ర ప్రభుత్వం తన ఆసుపత్రులకు చెప్పింది 2016లో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రలో నూటికి 42, తెలంగాణలో నూటికి 61 కాన్పులు ఆపరేషన్లే. అందులో ప్రాణం నిలబెట్టినవి ఉన్నాయి, వాటికి దండం పెడతాను. కానీ పక్కన కూర్చునే మనిషి లేక, కాచుకునే ఓపిక లేక చేసినవీ ఉన్నాయని నా గట్టి నమ్మకం.

2. తప్పని తెలిసిన రోజే మానెయ్యాలి.

అవ్వ బొడ్డుతాడు కొడవలితో కోసేది. కోసిన చోట పిడకల బూడిద అద్దేది. వాళ్ళమ్మ చేసిందీ అదే. ఆ ఊళ్ళో కొందరు బిడ్డలు పుట్టిన వారానికే పాలు పట్టడం మానేసేవాళ్ళు. దవడలు బిగుసుకుని, ముట్టుకుంటే విల్లులా వంగి, చనిపోయేవాళ్ళు. గాలి సోకింది అనుకునేవారు. అది ధనుర్వాతమని, దాని క్రిమి పేడలోనూ మట్టిలోనూ ఉంటుందని ఒకరోజు అవ్వకు చెప్పాను. నలుగురి ముందు, చదువుకున్నదాన్నన్న గర్వంతో చెప్పాను. అది నా తప్పు.

అవ్వ ఏమీ అనలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే అరుగు మీద కూర్చుని ఉంది. ఒక్కొక్క ఇంటిపేరు తలుచుకుంటూ ఒక్కొక్క వేలు మడుస్తోంది. రెండు చేతులూ అయిపోయి మళ్ళీ మొదటి వేలికి వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి అడిగింది: "నీళ్ళు ఎంతసేపు కాగల్ల నర్సమ్మా?"

ఆ తర్వాత ప్రభుత్వం మంత్రసానులకిచ్చే 30 రోజుల శిక్షణకు వచ్చింది. కొడవలి మళ్ళీ పట్టలేదు. కాచిన దారం, కొత్త బ్లేడు, సబ్బు ఒక రేకు డబ్బాలో పెట్టుకునేది. టీటీ సూదులకు నాతో ఇల్లిల్లూ తిరిగింది. నా మాట చెవిన పెట్టని అత్తలు ఆమె మాట విన్నారు. తల్లులకూ పసిగుడ్డులకూ వచ్చే ధనుర్వాతం మన దేశంలో నిర్మూలమైందని 2015లో ప్రకటించిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ మడిచిన వేళ్ళే.

3. చేయి దాటిపోకముందే బండి కట్టించాలి.

బిడ్డ అడ్డం తిరిగినా, మాయ రాకపోయినా, నెత్తురు ఆగకపోయినా అవ్వ ఒక్క క్షణం ఆలోచించేది కాదు. "ఇది నావల్ల కాదు" అని వాకిట్లో నిలబడి అందరికీ వినపడేలా చెప్పేది. అట్లా చెప్పడానికి ఆమెకు సిగ్గు లేదు. అయినా ఒకసారి హిందూపురం ఆసుపత్రికి పోయే దారిలో ఎద్దులబండి మీద ఒక తల్లి మా ఇద్దరి మధ్యనే కన్నుమూసింది. 108 నంబరు అంబులెన్సులు 2005లో వచ్చాయి. అప్పటికి అవ్వ లేదు.

4. నోరు జారకూడదు.

మంత్రసానితనం ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి అని సామెత. జనం దాన్ని వెటకారానికి వాడతారు. అవ్వ మాత్రం అక్షరాలా అట్లే బతికింది. నొప్పులు పడే పిల్ల ఒంటిమీద గుడ్డ తెలియక, తడుపుకుని, అరిచి, తిట్టి, కరిచినా అవ్వ నోట కసురు మాట నేను వినలేదు. మర్నాడు ఊళ్ళో ఆ సంగతి ఎత్తేది కాదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో తల్లుల్ని తిట్టడం, తొడమీద కొట్టడం చూశాను. అక్కడ కొన్నాళ్ళు నేనూ కసిరాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

5. అవ్వలాంటి ఇంకో మంత్రసాని సంగతి కూడా చెప్పాలి. మా పక్క తాలూకా పావగడ కర్ణాటకలోది. అక్కడి కృష్ణాపురంలో ఉండిన నరసమ్మగారిని సూలగిత్తి నరసమ్మ అంటారు. సూలగిత్తి అంటే కన్నడంలో మంత్రసాని. ఆమె ఇంటి భాష తెలుగే. తన సొంత అవ్వ దగ్గర పని నేర్చుకుని 1940లో తొలి కాన్పు చేసి, డబ్బు తీసుకోకుండా 15,000కు పైగా కాన్పులు చేసిన తల్లి. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడే డిసెంబర్ 25న, 98వ ఏట వెళ్ళిపోయింది. టీవీలో రాష్ట్రపతి ముందు ఆమెను చూసి మా ఇంట్లో నేనొక్కదాన్నే ఏడ్చాను. మా అవ్వకు దక్కింది చాటలో సోలెడు బియ్యం, రవికగుడ్డ. లేనివాళ్ళ ఇంట అదీ తీసుకునేది కాదు.

6. ఇది పాఠం కాదు, చెప్పక తప్పని మాట. నొప్పుల రాత్రి అవ్వను చేయిపట్టి నడింట్లోకి తీసుకుపోయినవాళ్ళే, పురుడు గడిచాక కులం పేరుతో వాకిట్లోనే నిలబెట్టి దూరంనుంచి కూడు పెట్టేవాళ్ళు. ఆ ఇంటి బిడ్డను ముందు ఎత్తుకున్న చేతులవి. అవ్వ ఏమీ అనేది కాదు. నేనూ ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

7. చేతికి చూపు ఉంటుంది.

ఆఖరి రోజుల్లో అవ్వకు కళ్ళు ఆనలేదు. అయినా కడుపు మీద అరచేయి పరిచి, తల ఎక్కడుందో, వీపు ఏ పక్కకుందో చెప్పేది. చేయి నొక్కేది కాదు, ఊరికే ఆనించి తల్లి ఊపిరి వదిలేదాకా ఆగేది. నా చేతిని తన చేతి కింద పెట్టుకుని నేర్పింది. ఇది రాసి చెప్పలేను. దసరా సెలవులకు రా. పక్కింటి కోడలికి అప్పటికి ఎనిమిదో నెల వస్తుంది. ఆ పిల్లను అడిగాను, సరేనంది.