చందన్‌వెల్లిలో ఉద్యోగానికి ఎలాంటి రెజ్యూమె?

షాబాద్ మండలం చందన్‌వెల్లిలో వెల్‌స్పన్ ఫ్లోరింగ్ ప్లాంటు ఉంది, అమెజాన్ డేటా సెంటర్ ఉంది. పక్కనే సీతారాంపూర్‌లో చిన్నపిల్లల బట్టలు కుట్టే కిటెక్స్ పరిశ్రమకు 2023లో శంకుస్థాపన జరిగింది. మూడూ మూడు రకాల పనులు. మన పిల్లలు మాత్రం అన్నిటికీ ఒకే కాగితం పట్టుకెళ్తారు. జిరాక్స్ సెంటర్‌లో ఎవరిదో ఫైలు తెరిచి, పేరూ మార్కులూ మార్చి తీసిన ప్రింటు అది. పైన ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అని అర్థం కాని నాలుగు లైన్ల ఇంగ్లీషు, కింద మతం, పెళ్లి అయిందా లేదా, చివర ప్రమాణపత్రం. నన్నడిగితే ఇవన్నీ కొట్టేయొచ్చు. ఆధార్ నంబరైతే అసలు రాయకూడదు.

ఆ ఖాళీలో ఏం రాయాలి? చేతికి వచ్చిన పని రాయాలి. ఐటీఐ ఫిట్టర్ అని ఊరుకుంటే చాలదు. లేత్ మీద పని చేశారా, వెర్నియర్‌తో కొలతలు తీయగలరా, అప్రెంటిస్‌గా ఎన్ని నెలలు, ఏ విభాగంలో ఉన్నారు? ఇవి చెప్పాలి. బీకాం వాళ్లు ‘కంప్యూటర్ నాలెడ్జ్’ అనే బదులు ట్యాలీలో బిల్లులు ఎక్కించాననో, జీఎస్టీ రిటర్నులకు లెక్కలు సిద్ధం చేశాననో రాయండి.

అనుభవం లేదనుకునే వాళ్ల దగ్గరే నాకు ఎక్కువ సరుకు కనిపిస్తుంది. చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ వైపు పాలీహౌస్‌లలో పూలూ కూరగాయలూ పండిస్తారు. అక్కడ డ్రిప్ లైన్లు చూసుకున్నవాడికి, ఎరువుల మోతాదు రిజిస్టర్‌లో రాసినవాడికి వేళ తప్పకుండా పని చేయడం, లెక్క రాయడం వచ్చినట్టే. సెలవుల్లో చేసిన పని కదా అని దాచుకోవడం ఎందుకు? బోరు స్టార్టర్ బాగుచేయడం వచ్చినా రాయండి. రాని పని మాత్రం రాయొద్దు. ఇంటర్వ్యూలో కూర్చునేది ఆ మెషీన్ మీదే పనిచేసిన సూపర్‌వైజర్ కావచ్చు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

షిఫ్టులు నడిచే ప్లాంటుకైతే ఏ ఊళ్లో ఉంటున్నారు, బండి ఉందా, రాత్రి షిఫ్టుకు సిద్ధమేనా అన్నది ఒక్క లైనులో చెప్పేయండి. దగ్గర ఊరివాళ్లకు అదే బలం.

అంతా ఒక పేజీలో సరిపోవాలి. పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే చేరాక పీఎఫ్ దగ్గర తిప్పలు. వాట్సాప్‌లో ఫొటో తీసి పంపకండి, పీడీఎఫ్ చేసి ఫైలుకు మీ పేరు, ట్రేడు పెట్టండి. తెలంగాణ ప్రభుత్వ డీట్ పోర్టల్‌లోనూ, కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లోనూ నమోదు చేసుకునేటప్పుడు ఈ వివరాలే అక్కరకొస్తాయి.