మడత చాకు కొనేటప్పుడు ఏం చూడాలి?

మన హాస్టల్లో చాకుతో పని పడని రోజు ఉండదు. జామకాయ కోయాలన్నా, కొబ్బరి తాడు తెంపాలన్నా, అట్ట ముక్కలు చెయ్యాలన్నా, ఆగస్టు 15కి తోరణాలు కట్టాలన్నా చాకు కావాల్సిందే. ఇంటి దగ్గర అడవికి పట్టుకెళ్లే కత్తి ఈ పనులకి మరీ పెద్దది. గదికి ఒక చిన్న మడత చాకు చాలు. అది వార్డెను సారు దగ్గర ఉంటే మంచిది. పదిమంది చేతులు మారే వస్తువు కాబట్టి, సంతలో మెరుపు చూసి కొంటే ఎవరిదో ఒకరి వేలు తెగుతుంది. రాసే చేతి వేలు తెగితే పరీక్షలు ఎలా రాస్తాం? అందుకే కొనేముందు మూడు చోట్ల చూడాలి.

1. మడత

మామూలు కత్తిలో అలుగు, అంటే కోసే భాగం, పిడిలోకి దిగి కదలకుండా ఉంటుంది. మడత చాకులో అది ఒక రివిటు మీద తిరుగుతుంది. పని మధ్యలో మడుచుకుపోతే కింద ఉండేవి మన వేళ్లే. కాబట్టి ముందు చూడాల్సింది ఇక్కడే.

కొన్ని చాకులకి పిడి వెనక స్ప్రింగు మాత్రమే ఉంటుంది. అది అలుగును ఆపుతుంది గాని, గట్టిగా నొక్కితే ఆగదు. లాకు ఉన్నవి వేరు. ఒక రకంలో పిడి లోపలి రేకు అలుగు వెనక అడ్డంగా నిలబడుతుంది. ఇంకో రకంలో పిడి చివర ఉంగరం ఉంటుంది, తిప్పితే అలుగు బిగుస్తుంది. ఫ్రాన్సు దేశపు ఒపినెల్ చాకు 1890లో పుట్టింది. దానికి ఈ ఉంగరం చేర్చింది 1955లో. మనం మాత్రం లాకు ఉన్నదే కొనాలి.

పరీక్ష ఇలా చెయ్యాలి. చాకు తెరిచి అలుగును పక్కలకి కదపండి. ఊగితే వద్దు. తర్వాత వేళ్లు మడత దారిలో లేకుండా పిడి పట్టుకొని, అలుగు మొద్దు వైపును చెక్క మీద మెల్లగా నొక్కండి. మడుచుకుంటే వద్దు. మూసినప్పుడు మొన బయటికి కనిపించినా వద్దు.

2. అలుగు

నాలుగు వేళ్ల వెడల్పంత, అంటే సుమారు 3 అంగుళాల పొడవు మన పనులకి సరిపోతుంది. రంపం పళ్లున్న అలుగు తాడు బాగా కోస్తుంది కాని సానరాయి మీద పదును పెట్టడం కష్టం. సాదా అంచు తీసుకోండి.

కార్బన్ ఉక్కుకి పదును సులువుగా వస్తుంది. కాని నిమ్మ, మామిడి పులుపు తగిలి తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలితో కలిసి పైన కంటికి కనపడని పొర కడుతుంది, అదే తుప్పును ఆపుతుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో 1913లో హ్యారీ బ్రియర్లీ ఇలాంటి ఉక్కును తయారుచేశాడు. వానాకాలంలో హాస్టలుకి ఇదే మేలు. ఇదైనా ఉప్పు తడితో వదిలేస్తే మచ్చలు పడుతుంది, తుడిచి పెట్టాలి.

3. పిడి

నాలుగు వేళ్లూ పిడి మీద పట్టాలి. తడి చేతికి జారకూడదు. అందుకే నున్నటి ఇనుప పిడి కన్నా చెక్క పిడి, గరుకు ప్లాస్టిక్ పిడి నయం.

వాడేటప్పుడు

* వేళ్లకి, ఒంటికి దూరంగా కొయ్యాలి.
* పదును పోనివ్వద్దు. మొద్దు చాకును గట్టిగా నొక్కాల్సి వస్తుంది, అప్పుడే జారుతుంది.
* ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మూసి ఇవ్వాలి. తెరిచిన చాకు చాప మీద పెట్టొద్దు.
* చాకుతో డబ్బా మూత పెకలించొద్దు, మొన విరుగుతుంది.
* వేలు తెగితే మంచి నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. మట్టి, బూడిద పెట్టొద్దు. తిడతారని దాచుకోవద్దు, వెంటనే వార్డెను సారుకి చెప్పాలి. ధనుర్వాతం రాకుండా ఇంజక్షను కావాలేమో ఆస్పత్రిలో చూస్తారు.

వార్డెను సార్లకి మనవి: తెగిందని చెప్పుకొచ్చిన పిల్లవాణ్ణి ముందు కట్టు కట్టించి, తర్వాత మందలించండి.

జవాబులు చెప్పండి

1. మడత చాకులో బలహీనమైన చోటు ఏది?
2. స్టెయిన్‌లెస్ ఉక్కుకి తుప్పు త్వరగా ఎందుకు పట్టదు?
3. మొద్దు చాకు ఎందుకు ప్రమాదం?